‘శీర్షాభిముఖ’ కోణాల్లో ఆ శీర్షం ఎందుకు?

ప్రశ్న: శీర్షాభిముఖ కోణాలు అని నోరు తిరగని మాట పెట్టే బదులు ‘ఎదురెదురు కోణాలు’ అంటే పిల్లలకి సులువు కదండీ? అర్థంలో తేడా ఏమైనా వస్తుందా?

– వస్తుందండీ. శీర్షం (కోణం భుజాలు రెండూ కలిసే బిందువు), అభిముఖం (ఎదురుగా ఉన్నది) కలిసి సవర్ణదీర్ఘ సంధి. చతుర్భుజంలోనూ ఎదురెదురు కోణాలుంటాయి, కానీ వాటి శీర్షాలు వేరు, అవి సమానం కానక్కర్లేదు. రెండు సరళరేఖలు ఖండించుకున్నప్పుడు, ఆ ఒక్క బిందువు దగ్గర ఎదురెదురుగా పడే జతకే ఈ పేరు. ‘శీర్ష’ తీసేస్తే ఆ షరతు కూడా జారిపోతుంది.

నిరూపణ చూడండి. కట, చత రేఖలు ప దగ్గర ఖండించుకున్నాయి.
∠కపచ + ∠చపట = 180° (కట మీద రేఖీయ ద్వయం, అంటే ఒకే సరళరేఖ మీద పక్కపక్కనే పడే రెండు కోణాలు)
∠చపట + ∠టపత = 180° (చత మీద రేఖీయ ద్వయం)
రెండింట్లోనూ ఉన్న ∠చపట తీసేస్తే ∠కపచ = ∠టపత.

ఎక్కువమంది తప్పేది రెండో వరుసలో. అక్కడా కారణంగా కట రేఖనే రాసేస్తారు. చ, ప, త ఒకే సరళరేఖ మీద ఉన్నాయి కాబట్టే ఆ మొత్తం 180°. పత కిరణం కాస్త పక్కకి వంగితే బొమ్మ దాదాపు అలాగే కనిపిస్తుంది, నిరూపణ మాత్రం నిలవదు. కోణమానినితో కొలిచి 65°, 65° అని చూపించడం కూడా నిరూపణ కాదు, అది ఆ ఒక్క బొమ్మకే సాక్ష్యం.

– దీనికి డిగ్రీలే అక్కర్లేదు. ప్రాచీన గ్రీకు గణితవేత్త యూక్లిడ్ రాసిన ‘ఎలిమెంట్స్’ మొదటి పుస్తకంలో ఇది 15వ ప్రతిపాదన. అక్కడ 180° మాటే లేదు, ‘రెండు లంబకోణాలు’ అనే ఉంటుంది. ఆధారం 13వది, అంటే మన రేఖీయ ద్వయమే.

– మరి కారణం దగ్గర ‘సంపూరక కోణాలు’ అని రాస్తే సరిపోదా అండీ?

– సరిపోదు. మొత్తం 180° అయిన ఏ రెండు కోణాలైనా సంపూరకాలే. 70° ఒక బొమ్మలో, 110° ఇంకో బొమ్మలో ఉన్నా సంపూరకాలే, రేఖీయ ద్వయం మాత్రం కావు. మొత్తం 180° ఎందుకైందో చెప్పాల్సిన చోట సంపూరకాలు అంటే అడిగిన ప్రశ్ననే జవాబుగా తిప్పి రాసినట్టు. పక్కపక్కనే ఉన్నాయి, ఉమ్మడి కాని భుజాలు రెండూ ఒకే సరళరేఖ అయ్యాయి: కారణం అది. పూరకం 90°కా 180°కా అని తడబడేవాళ్లకి ఒక గుర్తు: సంపూరకంలో ‘స’, సరళకోణంలో (180°) ‘స’.