సమస్యాపూరణం: ముఖము లేని పాట ముచ్చటయ్యె

పృచ్ఛకుడు: ఈ వారం సమస్య, అంటే మీ పద్యానికి చివరి పాదం, పైనే ఉంది. ఛందస్సు ఆటవెలది. వస్తువు మాత్రం జపాన్ నుంచి: రాక్ గాయని అడో. ఆమె కొత్త సింగిల్ వచ్చిందంటే చాలు, నేను వెనక్కి వెళ్లి తొలి సింగిల్ 'ఉస్సేవా' (నోర్మూసుకో అని) పెట్టుకుంటాను. 2020లో వచ్చింది. రాసి బాణీ కట్టింది షుదో. చరణం దాదాపు మాటల్లా, కింది స్థాయిలో, ఎవరినో ఎగతాళి చేస్తున్నట్టు నడుస్తుంది. పల్లవి రాగానే అదే గొంతు పైకి ఎగిరి, చివర్లో గరగరమంటూ చీలుతుంది. పాడుతున్న మనిషి ముఖం మాత్రం అప్పట్లో జనానికి తెలియదు. పోస్టర్ల మీద కనిపించింది బొమ్మే. ఇక కానివ్వండి.

తుంగభద్ర:

బట్టలుంచు చోట పాడెను బాలిక
గొంతులోన దాచుకున్న కినుక
పైకి దూకె నంత ప్రజలెల్ల నాలింప
ముఖము లేని పాట ముచ్చటయ్యె

ఇంట్లో బట్టల అల్మరాలో కూర్చుని రికార్డు చేసుకునేదని ఆమే చెప్పింది కదా, అక్కడ మొదలుపెట్టాను.

గుణింతం: యతులు (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జోడీ), గణాలు శుభ్రంగా ఉన్నాయి. 'దాచుకున్న కినుక' పాటకి సరిగ్గా అతికింది. నా పేచీ 'బట్టలుంచు చోట' దగ్గరే. అలా అంటే దండెం కూడా అవుతుంది! 'బట్టలల్మరాన పాడెను బాలిక' అనండి, గణం చెడదు. గోడకీ కోట్లకీ మధ్య ఇరుక్కుని అరిచిన పిల్ల కళ్లకు కడుతుంది.

తుంగభద్ర: మార్చేశాను గుణింతం గారూ. అల్మరా పద్యంలో ఇముడుతుందని తట్టలేదు.

కోనసీమ కొబ్బరి:

ఇంటి మూల నుండి యితరుల పాటలు
పాడి పాడి నెట్టుపైన పెట్టె
కంపెనీలు పంపు గౌరవమైన శ్రీ
ముఖము లేని పాట ముచ్చటయ్యె

పృచ్ఛకుడు: ఆహా! మూడో పాదం చివర 'శ్రీ' తగిలించి, ముఖాన్ని 'శ్రీముఖం' (ఆహ్వాన పత్రం) చేసి సమస్య మెడలు వంచారు. అవధానాల్లో ఇలాంటి విరుపుకే చప్పట్లు పడతాయి. ఇతరుల పాటల విషయమూ నిజమే: 2017 నుంచి నికోనికో అనే జపాన్ వీడియో సైట్‌లో వాటిని పాడి పెట్టుకుంటూ వచ్చిన పిల్లే.

గుణింతం: విరుపు బాగుంది, ఒప్పుకుంటాను. కానీ 'గౌరవమైన' యతి కోసం తెచ్చిన అద్దె సామాను. పైగా ఇందులో గొంతు ఎక్కడుందండీ? ఎవరి పేరు పెట్టినా ఈ పద్యం చెల్లుతుంది.

కోనసీమ కొబ్బరి: చమత్కారం కోసం గొంతును వదిలేశాను, నిజమే. ఇంకో సందేహం. ముఖం లేకుండా పాడటం మనకేం కొత్త? మన సినిమాల్లో నేపథ్యగానమంతా అదేగా?

పృచ్ఛకుడు: అక్కడ తెర మీద హీరోయిన్ ముఖం అరువు దొరుకుతుంది. గాయని ముఖమూ సభల్లో అందరికీ తెలుసు. ఇక్కడ ఆ అరువు లేదు కాబట్టి నటన భారమంతా గొంతు మీదే పడింది. 2022లో వన్ పీస్ ఫిల్మ్ రెడ్ అనే యానిమేషన్ సినిమాలో ఉటా పాత్రకి మాత్రం అడో చేసింది అచ్చంగా మన నేపథ్యగానమే. మాటలు ఒకరివి, పాటలు ఈమెవి.

పాలమూరు పిల్ల: నాకు పద్యాలు కొత్త, తిట్టకండి.

వేల మంది ముందు గూటిలో నిలిచెను
గుర్తులేని రూపు గొంతు విప్పె
అరుపు పాట మధ్య హద్దులే చెరిపెను
ముఖము లేని పాట ముచ్చటయ్యె

గుణింతం: తిట్టేదేముందమ్మా, మూడో పాదం నాకు రాసిపెట్టు, నా పేరు మీద వేసుకుంటాను! 'అరుపు'కి 'హద్దు'తో యతి హాయిగా కుదిరింది. మొదటి పాదంలో మాత్రం 'వే'కి 'గూ' చెల్లదు, ప్రాసయతి కూడా కుదరదు. 'వేల మంది ముందు వెలుగులో నీడయై' అని చూడు. ఆమె కచేరీల్లో జరిగేదీ అదే. వెనక నుంచి దీపాలు కొడతాయి, ముందు మనకు కనిపించేది జుట్టు విదిలించే నీడ ఒక్కటే.

పాలమూరు పిల్ల: థాంక్యూ అంకుల్. 'వేల మంది' అన్నది 2024 ఏప్రిల్‌లో టోక్యో నేషనల్ స్టేడియంలో జరిగిన రెండు రోజుల కచేరీ గురించి. అక్కడ సొంతంగా కచేరీ చేసిన తొలి మహిళా సోలో గాయని ఆమే.

ఒంగోలు గిత్త: ఆలస్యంగా వచ్చాను, చోటుందా?

గ్లాసు నింపుమనెడు ఘనులైన దొరలకు
నోరు మూయుమనుచు నూరిపోసె
పదునెనిమిది నిండు పడుచు పిడికిలెత్త
ముఖము లేని పాట ముచ్చటయ్యె

తుంగభద్ర: గ్లాసు ఎక్కడిదండీ?

ఒంగోలు గిత్త: పాటలోదే. ఆఫీసు పార్టీలో కొత్తగా చేరినవాళ్లు ఎలా మసలుకోవాలో ఏకరువు పెడుతుంది: గ్లాసు ఖాళీ అయితే వెంటనే పోయాలి, అందరూ తినడానికి వీలుగా పుల్లలకు గుచ్చిన ముక్కలు ఊడదీయాలి, ఆర్డరు చెప్పడానికీ బిల్లు చూడటానికీ ముందుండాలి. ఆ వెంటనే 'ఉస్సేవా' అని ఆ గర్జన! 2021లో జపాన్‌లో చిన్నపిల్లలు ఇళ్లలో దీన్ని అందుకుంటే తల్లిదండ్రులకు టెన్షన్ పట్టుకుందట.

గుణింతం: 'నూరిపోసె' దగ్గర నవ్వాపుకోలేకపోయాను. నూరిపోయడం పెద్దల పని కదా, పడుచు చేత చేయించారు. ఇంతకీ పద్దెనిమిది నిండినట్టా, నిండబోతున్నట్టా?

ఒంగోలు గిత్త: నిండబోతున్నట్టే. పాట వచ్చింది అక్టోబర్ 23న, పుట్టినరోజు 24న.

గుణింతం: అయితే వేలెత్తి చూపడానికి ఏమీ లేదు. ఈ వారం నా ఓటు దీనికే. పాలమూరు పిల్ల మూడో పాదానికి విడిగా ఒక శాలువా.

పృచ్ఛకుడు: నాదీ అదే మాట. గిత్త గారూ, వచ్చే వారం సమస్య మీరే ఇవ్వండి. కందమైనా పర్లేదు, దుష్కరప్రాస (పదాలు దొరకని కష్టమైన ప్రాస) మాత్రం వద్దు.