పెన్సిల్వేనియాలో డీర్ హంటింగ్: వీసా, లైసెన్స్, ఫీజు గొడవ (కొత్తగా వచ్చినవాళ్ళకి)

అందరికీ నమస్తే. ఈ మార్చిలో మెకానిక్స్‌బర్గ్ వచ్చాను, హెచ్1బి. మా టీమ్‌లో సగం మంది థాంక్స్‌గివింగ్ అవ్వగానే డీర్ హంటింగ్‌కి పోతారంట, నన్నూ రమ్మంటున్నారు. మనం వెళ్ళొచ్చా, వీసాకి ఏమైనా ఇబ్బందా? ఇంకోటి, లంచ్‌లో కూర్చుంటే చాలు గేమ్ కమిషన్‌ని (ఇక్కడ వేట వ్యవహారాలు చూసే రాష్ట్ర సంస్థంట) తిడతారు, ఫీజులంటారు ఆదివారాలంటారు, నాకు తలా తోకా తెలీట్లేదు. తెలిసినవాళ్ళు చెప్పగలరు.

---

తమ్ముడూ, వెళ్ళొచ్చు, నేను పద్నాలుగేళ్ళ నుంచి వెళ్తున్నా, మొదటి ఆరేళ్ళు నీలాగే హెచ్1బి మీదే. కానీ ఎవరి గన్నూ ముట్టుకోకముందే ఇది చదువు. ఫెడరల్ చట్టం ప్రకారం నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నోళ్ళ దగ్గర గన్ ఉండటమే నేరం, కొనడం ఒక్కటే కాదు, ఫ్రెండ్‌ది చేతిలోకి తీసుకున్నా అదే. దానికి ఉన్న మినహాయింపుల్లో మనకి పనికొచ్చేది హంటింగ్ లైసెన్స్, ఇక్కడి ఏదో ఒక రాష్ట్రం ఇచ్చింది, గడువు దాటనిది. పెన్సిల్వేనియా లైసెన్స్ జూలై 1 నుంచి జూన్ 30 దాకే. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు, సీజన్ అయిపోయింది కదా అని లైసెన్స్ సంగతి మర్చిపోతారు, గన్ మాత్రం క్లోజెట్‌లో ఉంటుంది, జూలై 1 వచ్చేసరికి మినహాయింపు పోయినట్టే. కొత్తది జూన్‌లోనే అమ్మకానికి వస్తుంది, అప్పుడే కొనేసెయ్, ప్రింట్ తీసి ఎప్పుడూ దగ్గర పెట్టుకో. గన్ కొనే ముందు మాత్రం ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో ఒకసారి మాట్లాడు, నా మాట మీద కొనొద్దు. నేనైతే మొదటి రెండేళ్ళు క్రాస్‌బో (ట్రిగ్గర్ ఉన్న విల్లు) తోనే వెళ్ళా, ఫెడరల్ లెక్కలో అది ఫైర్‌ఆర్మ్ కాదు.

ఇంతకుముందు లైసెన్స్ లేదు కాబట్టి హంటర్ ట్రాపర్ ఎడ్యుకేషన్ కోర్స్ చెయ్యాలి. నువ్వు వచ్చి 30 రోజులు దాటింది కాబట్టి రెసిడెంట్ ఫీజే, 20.97 డాలర్లు. బయట రాష్ట్రం వాళ్ళకైతే 101.97. అందులో కొమ్ములున్న మగ జింక ఒకటి, టర్కీలు, కుందేళ్ళు ఉడతల్లాంటివి వస్తాయి, ఆడ జింకకి వేరే లైసెన్స్. 2023 ముందు దానికి గులాబీ రంగు కవరు ఉండేది, అప్లికేషన్ రాసి, చెక్ పెట్టి, స్టాంపులు అంటించి కౌంటీ ట్రెజరర్‌కి పోస్ట్ చెయ్యాలి. ఒక ఏడాది నేను చెక్ మీద సంతకం మర్చిపోతే కవరు తిరిగొచ్చింది, అది వచ్చేలోపు ఆ విడత అమ్మకం అయిపోయింది. ఇప్పుడు అంతా ఆన్‌లైన్, మొదలైన రోజు పొద్దున క్యూలో ఉండు.

ఇక ఫీజు గొడవ. ఆ రెసిడెంట్ ఫీజు చివరిసారి పెరిగింది 1999లో. పెంచాలంటే గేమ్ కమిషన్ చేతిలో లేదు, హారిస్‌బర్గ్‌లో శాసనసభ ఒప్పుకోవాలి. జనరల్ టాక్స్ డబ్బు వీళ్ళకి రాదు, లైసెన్సులు, గేమ్ ల్యాండ్స్‌లో (కమిషన్ చేతిలో ఉన్న వేట భూములు) కలప, గ్యాస్ లీజులు, ఇంకా 1937 నాటి పిట్‌మన్ రాబర్ట్‌సన్ చట్టం కింద వచ్చే ఫెడరల్ డబ్బు, వీటి మీదే బండి నడుస్తుంది. ఆ చట్టం ఏంటంటే రైఫిళ్ళ మీదా తూటాల మీదా 11 శాతం ఎక్సైజ్ వేస్తారు, రాష్ట్రాలకి పంచేటప్పుడు భూమి విస్తీర్ణంతో పాటు లైసెన్స్ కొన్నవాళ్ళ సంఖ్య కూడా చూస్తారు. అంటే నువ్వు కొని ఆ ఏడాది అడవికి పోకపోయినా నీ తల ఆ లెక్కలో పడుతుంది. దాదాపు 15 లక్షల ఎకరాల స్టేట్ గేమ్ ల్యాండ్స్ ఈ డబ్బుతోనే నిలబడ్డాయి, అందులో ఎవరైనా నడవొచ్చు, వేటాడనివాళ్ళు కూడా.

ఫీజు పెరగకపోతే ఏమవుతుందో మేం చూశాం. 2016 చివర్లో డబ్బు చాలక వేటకి వదిలే ఫెజెంట్ పక్షుల్ని పెంచే నాలుగు ఫార్ముల్లో రెండు మూసేశారు, మరుసటి ఏడాది నుంచి ఫెజెంట్‌కి విడిగా పర్మిట్ పెట్టారు. కాబట్టి నా మాట సూటిగా చెప్తా, ఫీజు పెంచాలి. ఒక పూట బయట తిన్న ఖర్చుకి ఏడాదంతా అడవి ఇస్తున్నారు.

---

అన్నా ఒక మాట. గ్యాస్ లీజుల డబ్బు దండిగా వస్తుంటే మళ్ళీ మా జేబు ఎందుకు? మా నార్త్ వైపు ఆడ జింకల ట్యాగ్‌లు, అంటే ఆ వేరే లైసెన్సులు, ఎక్కువిచ్చి మందలు తగ్గించేశారని పెద్దవాళ్ళు ఇప్పటికీ మండిపడుతున్నారు. 2019లో గన్‌తో జింకల సీజన్ ఓపెనింగ్ డే సోమవారం నుంచి శనివారానికి మార్చినప్పుడు అడవిలో హంటింగ్ క్యాంపుల వాళ్ళ మాట ఎవరూ వినలేదు. మాట విననోళ్ళకి డబ్బెందుకు పెంచాలి?

---

తమ్ముడూ నీ బాధ అర్థమవుతుంది, ఆ క్యాంపుల్లో తాత నుంచి మనవడి దాకా ఆదివారం సాయంత్రం కలిసి కూర్చునేవాళ్ళు, సోమవారం స్కూళ్ళకి కూడా సెలవిచ్చేవాళ్ళు, 1963 నుంచి ఉన్న అలవాటు అది. కానీ మనలాంటి ఉద్యోగస్తులకి శనివారం వచ్చాకే కదా లీవ్ పెట్టకుండా వెళ్ళగలిగాం. ఆదివారం వేట కూడా అంతే, 2019 చట్టంతో మూడు ఆదివారాలు వచ్చాయి, 2025లో ఇంకా తెరిచారు. అవి ఊరికే రాలేదు, ఏళ్ళ తరబడి జనం వెళ్ళి అడిగితే వచ్చాయి. గ్యాస్ డబ్బు ధర పడితే పడిపోయేది, అడవిని దాని మీద ఆధారపెట్టడం నాకు భయం. ట్యాగ్‌ల మీద నీకు కోపముంటే ఫీజు ఆపడం కాదు, మీటింగ్‌లో ఆ మాట చెప్పు. సీజన్లు, బ్యాగ్ లిమిట్లు (ఒక్కొక్కరు ఎన్ని కొట్టొచ్చో) జనవరిలో ప్రాథమికంగా, ఏప్రిల్‌లో ఖాయంగా ఓటేస్తారు, మధ్యలో మనం చెప్పడానికి టైం ఉంటుంది.

కొత్త తమ్ముడికి ఇంకోటి. మనదేశంలో 1972 చట్టం తర్వాత వేట అంటే కేసే, మా ప్రకాశం జిల్లాలో అడవిపందులు శనగచేను తొక్కేసినా రైతు డప్పు కొట్టుకుని కూర్చోవాల్సిందే. అందుకే ఇక్కడ మనవాళ్ళు ఈ విషయం ఎత్తడానికే జంకుతారు, ఇంట్లో ఆడవాళ్ళు కూడా మొదట వద్దంటారు. మా ఇంట్లోనూ అంతే. నేను కొట్టిన మొదటి జింకని హంటర్స్ షేరింగ్ ద హార్వెస్ట్‌కి ఇచ్చేశా, ఆ మాంసం ఫుడ్ బ్యాంకులకి వెళ్తుంది, అప్పుడు మా ఆవిడ కాస్త మెత్తబడింది. రెండో ఏడాది అల్లం వెల్లుల్లి దట్టించి వేపుడు చేసింది కూడా.

హెచ్1బి మీద ఓటు లేదు, ఎన్నికల్లో అభ్యర్థులకి చందా కూడా ఇవ్వకూడదు, అది నేరం. కానీ నీ రిప్రజెంటేటివ్‌కి లెటర్ రాయడానికి, కమిషన్ మీటింగ్‌లో నిలబడి మాట్లాడటానికి అడ్డేం లేదు. ప్రైవేట్ భూమిలోకి వెళ్తే ఓనర్ దగ్గర కాగితం మీద రాయించుకో, మెరిసే ఆరెంజ్ రంగు బట్ట 250 చదరపు అంగుళాలు తలా ఛాతీ వీపు మీద ఉండాలి. జనవరి మీటింగ్‌కి ఎల్మర్టన్ అవెన్యూలో కమిషన్ ఆఫీస్‌కి నేను వెళ్తున్నా, వస్తానంటే కార్లో సీటుంది, ముందురోజు ఇక్కడే చెప్పు.