వాల్ స్ట్రీట్ పేలుడు తర్వాత ‘ఎర్ర భయం’ మళ్ళీ ఎందుకు రాజుకోలేదు?

డిగ్రీ పిల్లలకు అమెరికా చరిత్ర చెబుతున్నాను. ‘ఎర్ర భయం’ (రెడ్ స్కేర్, అంటే కమ్యూనిస్టులు, అరాచకవాదులు తిరుగుబాటు చేస్తారన్న భయం) దగ్గర ఒకచోట ముడి పడింది.

1919 జూన్ 2 రాత్రి వాషింగ్టన్‌లో అటార్నీ జనరల్ (న్యాయశాఖ అధిపతి) పామర్ ఇంటి గుమ్మం దగ్గర బాంబు పేలింది. తెచ్చినవాడే తునాతునకలయ్యాడు. ఆ తర్వాత జరిగింది అర్థమవుతూనే ఉంది: డిసెంబర్ 21న అరాచకవాద నాయకురాలు ఎమ్మా గోల్డ్‌మన్ సహా 249 మందిని బ్యూఫోర్డ్ ఓడెక్కించి రష్యాకు పంపేశారు. 1920 జనవరి 2న మొదలుపెట్టి, విప్లవకారులన్న అనుమానంతో వేలమందిని, చాలామందిని వారెంటు లేకుండానే, పట్టుకుపోయారు. ఎక్కువమంది వలస కూలీలే, అదే ఘోరం.

కానీ అదే ఏడాది సెప్టెంబర్ 16 మధ్యాహ్నం వాల్ స్ట్రీట్‌లో మోర్గాన్ బ్యాంకు ఎదుట గుర్రబ్బండిలో బాంబు పేలి, ఇనుప ముక్కలు జనం మీదికి ఎగిరి, 38 మంది పోయారు. అయినా జనవరి నాటి మూకుమ్మడి అరెస్టులు మళ్ళీ జరగలేదు.

పాఠ్యపుస్తకాలు, ఎన్‌సైక్లోపీడియాలు తిరగేశాను. కార్మిక శాఖలో అధికారి లూయిస్ పోస్ట్ దేశబహిష్కరణ వారెంట్లు రద్దుచేయడం, తిరుగుబాటు వస్తుందని పామర్ హెచ్చరించిన మే 1న ఏమీ జరగకపోవడం, ఈ రెండే చెబుతున్నాయి. అవి వేసవి నాటికి భయం తగ్గడానికి సరిపోతాయి. అంత పెద్ద పేలుడు తర్వాత కూడా తగ్గే ఉండటానికి సరిపోవు.

సెప్టెంబర్ తర్వాత ప్రభుత్వం మూకుమ్మడి అరెస్టులకు దిగకుండా ఆపిన ముఖ్య కారణం ఏమిటి?