సియాటిల్ నుంచి శాన్ వాన్ దీవులకి ఇద్దరమే పడవలో: బయల్దేరే ముందు ఏం చూసుకోవాలి?

షిల్‌షోల్_జంట:
మా ఆయనా నేనూ ముప్పై అడుగుల పాత సెయిల్‌బోట్ కొన్నాం. ఇద్దరం కోర్సు చేశాం, తీరం దగ్గర తిరగడం అలవాటే. జులైలో సియాటిల్లోని షిల్‌షోల్ రేవు నుంచి పోర్ట్ టౌన్‌సెండ్, అక్కణ్ణించి శాన్ వాన్ దీవులు, వీలైతే కెనడా వైపు గల్ఫ్ దీవులు చూసి రావాలని ఉంది. ఆయన దూరాలు కొలిచి రోజుకో ఊరు చొప్పున ఎక్సెల్ షీట్ కూడా వేసేశారు. నాకు మాత్రం దారిలో వాన్ డి ఫ్యూకా జలసంధి దాటడం తల్చుకుంటేనే టెన్షన్. ఇద్దరే వెళ్లొచ్చినవాళ్లు ఉంటే చెప్పండి.

కోరంగి:
షీట్‌లో దూరం పక్కన ఇంకో గడి పెట్టించండి: ఆ పూట నీటి వడి ఎటు, ఎంత. మా కాకినాడలో పోటుకీ పాటుకీ తేడా ఐదడుగులుంటే గొప్ప. సియాటిల్లో పదకొండు, పన్నెండు అడుగులు మామూలే. దాదాపు అన్ని నీళ్లూ సియాటిల్‌కి ఉత్తరాన అడ్మిరాల్టీ ఇన్‌లెట్ అనే ఇరుకు దారి గుండానే వచ్చిపోవాలి, అందుకే పాటు బలంగా ఉన్న రోజు వడి మూడు నాట్లు (నాట్ అంటే గంటకి ఒక నాటికల్ మైలు) దాటుతుంది. మీ పడవ వేగం ఐదు నాట్లనుకోండి. వడి తోడైతే ఎనిమిది, ఎదురైతే రెండు.

అలాగని పాటు వెంట గుడ్డిగా పోవద్దు. ఎండాకాలం మధ్యాహ్నాలు జలసంధిలో పడమటి గాలి పుంజుకుంటుంది. బయటికి పోయే నీటికి ఆ గాలి ఎదురైతే పోర్ట్ టౌన్‌సెండ్ పక్కనున్న పాయింట్ విల్సన్ మూల దగ్గర అలలు కురచగా, నిటారుగా లేస్తాయి. ముందురోజే పోర్ట్ టౌన్‌సెండ్ చేరి పడుకోండి. తెల్లారి, వడి తగ్గే వేళకి ఆ మూల దాటేలా బయల్దేరండి. గాలి లేకపోతే ఇంజన్ మీదే వెళ్లండి, తెరచాప ఎత్తే సరదా దీవుల మధ్య తీర్చుకోవచ్చు. పొగమంచు ఉంటే ఆ రోజు ఆగిపోవాల్సిందే.

వీటన్నిటికంటే నాకు ముఖ్యమైంది వేరే ఉంది. జులైలో కూడా అక్కడి నీళ్లు ఒళ్లు కొయ్యబారేంత చల్లన. ఇద్దరే ఉన్న పడవలో ఒకరు పడితే, లాగాల్సింది మిగిలిన ఒక్కరే. మీవారు నీళ్లలో ఉన్నారనుకుని మీరొక్కరే చాప దించి, ఇంజన్ వేసి, వెనక్కి తిప్పి, రేడియో 16వ చానల్లో కబురు పెట్టగలగాలి. మేం చాప ఎత్తే తాడు కొసని లైఫ్‌జాకెట్ పట్టీకి తగిలించి, మా ఆవిడ ఒక్కతే వించ్ (తాడు చుట్టి లాగే మర) తిప్పి నన్ను పైకి లేపేదాకా రేవులోనే ప్రాక్టీస్ చేశాం. తర్వాత ఆవిణ్ణి నేను లేపాను. అది కుదిరాకే మీరూ బయల్దేరండి. సెలవు తక్కువైతే గల్ఫ్ దీవులు వదిలేయండి, ఈ ప్రాక్టీస్ మాత్రం వదలొద్దు.

పచ్చిమిర్చి:
వంట సంగతి నేను చెప్తాను. పడవ నడుస్తుంటే నూనె మూకుడు పెట్టొద్దు. తెల్లవారుజామునే పులిహోర కలిపి డబ్బాకెత్తుకుంటే మధ్యాహ్నం దాకా చూసుకోనక్కర్లేదు. గ్యాస్ గాలికంటే బరువు, లీకైతే పడవ అడుగున చేరుతుంది. వంటవగానే సిలిండర్ దగ్గరే వాల్వు కట్టేయండి.

కెనడా వెళ్తే మొదట అక్కడి సిడ్నీ (ఆస్ట్రేలియాది కాదు) రేవులోనో బెడ్‌వెల్ హార్బర్లోనో కస్టమ్స్‌కి చెప్పుకోవాలి. పని అయ్యేదాకా కెప్టెన్ తప్ప ఎవరూ దిగకూడదు. తిరుగు ప్రయాణంలో కరివేపాకు ఒక్క రెబ్బ కూడా ఉంచుకోకండి. నిమ్మజాతి చెట్లకి తెగులు తెచ్చే పురుగు దాని మీద బతుకుతుందని అమెరికాలోకి రానివ్వరు.

షిల్‌షోల్_జంట:
కోరంగి గారూ, ఆయనకి చదివి వినిపించాను. షీట్‌లో కొత్త గడి వచ్చేసింది, గల్ఫ్ దీవులు పోయాయి. శనివారం రేవులో వించ్ ప్రాక్టీస్. శాన్ వాన్లలోని సూషియా దీవి దగ్గర లంగరేస్తే గొలుసు ఎంత వదలాలి?

కోరంగి:
వేసేటప్పటి లోతు కాదు, పోటు నిండినప్పటి లోతు లెక్క. ఇప్పుడు పదిహేను అడుగులుండి ఇంకో పది పెరిగేట్టుంటే ఇరవై అయిదు. పడవ ముక్కు నీటికి నాలుగడుగుల ఎత్తనుకుంటే ఇరవై తొమ్మిది. దానికి ఐదింతలు, అంటే 145 అడుగులు. సూషియాలోని ఫాసిల్ బేలో పార్కు వాళ్ల బోయలు (పడవ కట్టుకోడానికి నీటి మీద తేలే బుడ్లు) ఉన్నాయి, మొదటి రాత్రి ఖాళీగా దొరికితే దానికే కట్టుకోండి.