అప్‌డేట్: నాన్నగారి కడుపు ఉబ్బరం, తిన్నది వాంతి కావడం

అమలాపురం దగ్గర ఉండే మా నాన్నగారికి చాలా ఏళ్లుగా షుగర్. నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతోందని, పొద్దున తిన్నది సాయంత్రం అరక్కుండానే వాంతి అవుతోందని, ఎండోస్కోపీలో మాత్రం ఏమీ లేదన్నారని ఇంతకుముందు అడిగాను.

గ్యాస్ట్రోపరేసిస్ అని తేలింది. అడ్డు ఏదీ లేకపోయినా కడుపు ఖాళీ కావడం ఆలస్యమవుతుంది. ఎండోస్కోపీలో పుండో, గడ్డో కనిపిస్తుంది గానీ కదలిక ఎంత నెమ్మదో తెలియదు. అందుకే విశాఖలో, కొద్దిగా రేడియోధార్మిక పదార్థం కలిపిన ఆహారం పెట్టి 4 గంటలపాటు స్కాన్‌లు తీశారు. అప్పటికి ఆ ఆహారంలో 10 శాతం కంటే ఎక్కువ కడుపులో మిగిలితే ఆలస్యమన్నట్టు. నాన్నగారికి అంతకంటే చాలా ఎక్కువే మిగిలింది.

షుగర్ వల్ల కడుపు కదలికను నడిపించే వేగస్ నరం, కడుపు కండరాలకు లయనిచ్చే కాజల్ కణాలు దెబ్బతింటాయట. భోజనం చేశాక కూడా షుగర్ ఎందుకు పడిపోతోందో అప్పుడర్థమైంది: ఇన్సులిన్ పని మొదలుపెట్టేసరికి అన్నం ఇంకా కడుపులోనే ఉంటోంది! ఈ విషయం ఇన్సులిన్ వాడేవాళ్లందరికీ తెలియాలి.

ఇప్పుడు కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెడుతున్నాం. మెత్తటి అన్నం, పలుచటి పప్పుకట్టు. కొబ్బరి కూరలు, వేపుళ్లు, పీచు ఎక్కువని పనసపొట్టు మానేశాం. కోనసీమ మనిషికి ఇది నిజంగా కష్టమే. కడుపు కదలికను పెంచి వాంతులు తగ్గించే డోంపెరిడోన్ అనే మందు గుండె లయను మార్చే అవకాశం ఉందని ముందు ఈసీజీ తీశాకే రాశారు.

వాంతులు బాగా తగ్గాయి. ఉబ్బరం ఇంకా ఉంది. ఇన్సులిన్ వేళలు మార్చాలా అన్నది వచ్చే చెకప్‌లో అడుగుతాం.