మరుగుజ్జు అనే మాట మనిషికి వాడొచ్చా?

అందరికీ నమస్కారం. ఎకాండ్రోప్లేసియా గురించి పిల్లలకు అర్థమయ్యేలా ఒక చిన్న వ్యాసం రాస్తున్నాను. ఎముకల పెరుగుదలను నియంత్రించే ఒక జన్యువులో మార్పు వల్ల చేతులు, కాళ్లు పొట్టిగా ఉండిపోయే స్థితి అది. పెద్దయ్యాక ఎత్తు 147 సెంటీమీటర్లు, అంటే 4 అడుగుల 10 అంగుళాలు దాటకపోతే సాధారణంగా డ్వార్ఫిజం అంటారు. విషయం రాయడం తేలికే, మాట దగ్గరే ఆగిపోయాను.

నిఘంటువు చూస్తే ‘మరుగుజ్జు’ అని ఉంది. 2006లో ప్లూటోని మరుగుజ్జు గ్రహం అన్నప్పుడు ఎవరికీ ఇబ్బంది అనిపించలేదు. గ్రహం బాధపడదు కదా! అదే మనిషిని అంటే నాకు వెక్కిరింపులా వినిపిస్తోంది. ‘కుబ్జ’ అందామంటే దానికి గూని అనే అర్థం కూడా ఉంది. ‘వామనుడు’ గౌరవంగానే ఉంటుంది గానీ, వెంటనే మూడడుగుల నేల, బలి చక్రవర్తి గుర్తొస్తారు. పైగా ఆడవాళ్లకు ఏమనాలి? ‘పొట్టివాడు’ అంటే మామూలుగా ఎత్తు తక్కువున్న నాలాంటి వాళ్లందరూ అందులోకి వచ్చేస్తారు.

ప్రస్తుతానికి ‘ఎత్తు తక్కువగా ఉన్న వ్యక్తి’ అని రాసుకున్నాను. ప్రతి వాక్యంలో అది మరీ సాగదీతలా ఉంది.

మీ ఇంట్లో గానీ, స్నేహితుల్లో గానీ ఈ స్థితి ఉన్నవాళ్లు తమ గురించి ఏ మాట వాడుకుంటారు? ఇంకోటి, ‘మరుగుజ్జు’లోని ‘మరు’ ఎక్కడిదో తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.