మే ఎండలకు నాటుకోడి గుడ్లు అంగడి రోజు దాకా ఆగాలంటే?

నల్గొండ వైపు ఎండ 43, 44 డిగ్రీలు. పగటి కరెంటుకు నమ్మకం లేదు, కాబట్టి ఫ్రిజ్ మాట పక్కన పెట్టండి. గుడ్లు వారం ఆగాలి.

రోజుకు రెండు పూటలా ఏరి, మట్టి ఉంటే పొడిగుడ్డతో తుడుస్తున్నాం. కడగడం లేదు, కడిగితే పెంకు మీది సన్నపొర పోయి క్రిములు లోపలికి దిగుతాయి, చన్నీళ్లతో అయితే ఇంకా తొందరగా. సన్నకొన కిందికి పెట్టి, తడి ఇసుకలో నిలిపిన రంజన్‌లో దాస్తున్నాం. అయినా లోపల 30 డిగ్రీల కిందికి రావడం లేదు. చిక్కంతా అక్కడే: పుంజు తొక్కిన పెట్ట గుడ్డులో సుమారు 21 డిగ్రీలు దాటితేనే పిండం పెరగడం మొదలవుతుంది. లైటుకు పట్టి చూస్తే కొన్నిట్లో ఎర్రటి నరాలు కనిపిస్తున్నాయి. ఇవీ మంచి గుడ్లలాగే నీళ్లలో మునుగుతాయి, అందుకని నీళ్ల పరీక్ష ఇక్కడ పనికిరాదు.

పుంజును ఇవాళ వేరు చేసినా రెండు మూడు వారాల దాకా విత్తనపు గుడ్లే వస్తాయి. ఈలోపు ఏం చేయాలి? పెట్టిన రోజే పల్లీనూనె పూస్తే పిండం ఆగుతుందా, లేక ఈ వేడికి నూనె ముక్క వాసన కొడుతుందా? లీటరు నీళ్లకు 30 గ్రాముల సున్నం కలిపి, పైతేట నీళ్లలో ముంచి నిలవ ఉంచిన గుడ్లను అంగట్లో ఎవరైనా కొంటున్నారా? ఉడికిస్తే పగలకుండా వెడల్పు కొనకు సూదితో పొడవాలని కొనేవాళ్లకు చెప్పి అమ్ముతున్నారా?